పౌరశాస్త్రంలో పన్నెండు మార్కులు

ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను ఏటా ఒక దేశాన్ని పుట్టించి, ఏడాది చివర తడిగుడ్డతో తుడిచేస్తున్నాను. ఏడో తరగతి పౌరశాస్త్రంలో దేశం, పౌరులు అన్న పాఠం వచ్చిన రోజున బల్లలన్నీ మధ్యకు జరిపించి, సుద్దముక్కతో గది చుట్టూ ఒక గీత గీస్తాను. అదే సరిహద్దు. తలుపు దగ్గర గీత తెగుతుంది. అక్కడ ఒకణ్ణి తలుపు మంత్రి అని పేరుపెట్టి కాపలా పెడతాను. మిగతా పిల్లలంతా వరండాలోకి వెళ్ళి, ఒక్కొక్కరే లోపలికి రావాలి. ఎక్కడ పుట్టావు, ఎవరి పిల్లవు అని మా దేశంలో అడగరు. ఇక్కడ నువ్వేం చేస్తావు అని మాత్రమే అడుగుతారు. ఒకడు కిటికీలు మూస్తానంటాడు, ఒకతె మొక్కలకు నీళ్ళు పోస్తానంటుంది, ఇంకొకడు ఎవరైనా ఏడిస్తే పక్కన కూర్చుంటానంటాడు. వాడిని చూసి తక్కినవాళ్ళు నవ్వుతారు గాని, ఏడాదిలో అందరికన్నా ఎక్కువ పని పడేది వాడికే.

పుస్తకంలో పౌరుడంటే ఎవరో నాలుగు వరుసల్లో రాసి ఉంది. ఆ నాలుగు వరుసల్నీ ఊపిరి పీల్చకుండా అప్పజెప్పని పిల్ల నాకింతవరకు తగల్లేదు. అర్థమైన పిల్ల కూడా తగల్లేదు. ఆ కోపంతో మొదలుపెట్టిన గీత ఇది. పిల్లలు నాకు గీతల టీచర్ అని పేరు పెట్టారు. వినపడనట్టు మొహం పెడతాను గాని, లోలోపల ఆ పేరు నాకిష్టమే.

ఆ పాఠానికి నేనెప్పుడూ మధ్యాహ్నం పీరియడే ఎంచుకుంటాను. అన్నాలు తిని వచ్చిన పిల్లల కళ్ళు సగం మూతపడి ఉంటాయి. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి, అందులో సుద్దపొడి మెల్లగా తేలుతూ ఉంటుంది. అరనిద్రలో ఉన్న పిల్లలకు నేల మీద గీసిన తెల్లటి గీత నిజంగానే ఎక్కడికో పోతున్నట్టు కనిపిస్తుంది. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే కనిపిస్తుంది. గీత లోపలికి అడుగు పెట్టగానే పిల్లల గొంతులు తగ్గిపోతాయి. చెప్పులు ఎవరూ విప్పమనకపోయినా కొందరు విప్పేస్తారు.

ఈ ఏడు అందరికన్నా చివర లోపలికి వచ్చిన పిల్లని క్లాసంతా గడియారం అని పిలుస్తుంది. మా గదిలో గోడ గడియారం ఆగిపోయి నాలుగేళ్ళయింది. దాన్ని బాగు చేయించమని నేను పెట్టిన అర్జీలు హెడ్మాస్టరు సొరుగులో హాయిగా నిద్రపోతున్నాయి. ఈ పిల్ల మాత్రం ఎండ ఏ బల్ల మీదికి వచ్చిందో చూసి టైము చెప్పేస్తుంది. మబ్బు పట్టిన రోజున ఎలా చెప్తావే అని అడిగితే, నిన్నటిది గుర్తుంటుంది కదా టీచర్ అంది. కాపలావాడు ఆపి నువ్వేం చేస్తావని అడిగాడు. తను టైము చెప్తానంది. వాడు దారిచ్చాడు.

గడియారం మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ చంకనెత్తుకుని ఈ ఊరు వచ్చింది. ఏ దేశం నుంచి వచ్చారో అందరికీ తెలుసు, ఎందుకు వచ్చారో ఎవరూ అడగరు. తండ్రి సంగతి అసలే అడగరు. పిల్లకు మా భాష మా పిల్లలకన్నా బాగా వచ్చు. తల్లికి పది మాటలు వస్తే గొప్ప అనుకునేదాన్ని. ఆమె బజారు వెనక బట్టలుతికే కార్ఖానాలో పని చేస్తుంది. ఆసుపత్రుల దుప్పట్లు ఆవిరిలో ఇస్త్రీ చేసి మడతపెట్టడం ఆమె పని. ఇద్దరికీ ఈ దేశపు కాగితాలు లేవు. తొమ్మిదేళ్ళుగా వాళ్ళ ఫైలు ఒకటి ఆఫీసులో ఒక బీరువాలోంచి ఇంకో బీరువాలోకి తిరుగుతోంది.

లోపలికి వచ్చిన ప్రతి పిల్లకీ నేను ఒక కార్డు ఇస్తాను. పాత నోటుబుక్కుల అట్టలు కత్తిరించి చేస్తాం. బొమ్మ పక్క బల్లవాళ్ళు గీయాలి, పేరూ పనీ ఎవరికి వాళ్ళు రాసుకోవాలి. దాని మీద బడి గ్రంథాలయం ముద్ర నేనే కొడతాను. ఆ రబ్బరు ముద్ర నాకన్నా పాతది. అక్షరాలన్నీ అరిగిపోయి, గుండ్రటి గీతా మధ్యలో ఒక దీపం మాత్రం మిగిలాయి. ఊదారంగు సిరాలో అది చూడ్డానికి ఎంత దర్జాగా ఉంటుందంటే, ఏ మంత్రి సంతకం పక్కనైనా పెట్టొచ్చు.

నాకు నాటకం కాస్త ఎక్కువ. కార్డులు పంచాక కుర్చీ ఎక్కి నిలబడ్డాను. ఈ కార్డు ఉన్నవాళ్ళని ఈ దేశంలోంచి ఎవరూ పంపెయ్యలేరు, ఎప్పటికీ పంపెయ్యలేరు అన్నాను. ఏటా అంటాను. పిల్లలు చప్పట్లు కొడతారు, బెల్లు మోగుతుంది, అందరం ఆ కలలోంచి లేచి ఇళ్ళకు పోతాం. ఈ ఏడు ఒక పిల్ల మాత్రం ఇంటికి పోయి, ఆ మాటని ఒక్క అక్షరం పోకుండా వాళ్ళమ్మకు వాళ్ళ భాషలో చెప్పింది.

రెండు నెలల తర్వాత పౌరసత్వ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. చేసినవాడు నా పాత విద్యార్థే. ఇరవయ్యేళ్ళ క్రితం మా గది దేశానికి తలుపు మంత్రి. ఇప్పుడు అక్కడ నాలుగో కౌంటరులో గుమాస్తా. ఒక ఆవిడ ఫైల్లో గుర్తింపు పత్రం ఉండాల్సిన చోట అట్టముక్క ఒకటి ఉందనీ, దీపం బొమ్మ చూడగానే తన చెయ్యి ఆగిపోయిందనీ, దొంగ పత్రం కింద పైకి పంపాల్సింది పోయి నాకు ఫోన్ చేయబుద్ధయిందనీ చెప్పాడు.

మర్నాడు వెళ్ళేసరికి గడియారం, వాళ్ళమ్మ అక్కడే ఉన్నారు. పొడుగాటి హాలు. గోడల వెంట బెంచీలు, ఎక్కడో పైన తిరుగుతున్న ఫ్యాను, టోకెన్ నంబరు పిలిచినప్పుడల్లా ఉలిక్కిపడి మళ్ళీ తలలు వాల్చే జనం. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. గడియారం మాత్రం పదకొండు దాటిందని గుసగుసగా చెప్పింది. తల్లి ఉతికిన చీర కట్టుకుని, నన్ను చూసి లేచి నిలబడింది. ఆమె మొహంలో ఏ బెరుకూ లేదు. తొమ్మిదేళ్ళ తర్వాత తన పిల్ల తెచ్చిన కాగితంతో పని అయిపోతోందన్న ధీమా అది. నాకు ఆమె కళ్ళలోకి చూసే ధైర్యం లేకపోయింది.

తలుపు మంత్రి కార్డును బల్ల మీద పెట్టాడు. తల్లి దాన్ని అంచులు వంకర పోకుండా గుడ్డ కింద పెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చిందట. పాపం, అట్ట అద్దంలా నున్నగా ఉంది. అతను నాతో మెల్లగా సంగతంతా చెప్పాడు. ఇది క్లాసులో ఆట కోసం చేసిన కార్డని నేను రాసివ్వాలి. పొరపాటున పెట్టాను, వెనక్కి తీసుకుంటున్నాను అని ఆమె సంతకం పెట్టాలి. అలా అయితే కేసు ఉండదు, ఫైలు మాత్రం మళ్ళీ వరుస చివరికి పోతుంది. తక్కువలో తక్కువ ఇంకో ఏడాది పడుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత చెప్పాడు. బడికి పోయే పిల్ల ఉంది కాబట్టే ఇన్నాళ్ళూ వాళ్ళని ఉండనిచ్చారు. పిల్ల పేరు ఏదో ఒక బడిలో ఉన్నంతకాలం ఫైలు తెరిచే ఉంటుంది. పేరు బడిలోంచి పోయిన రోజున మూసేస్తారు, ఇద్దరూ వెళ్ళిపోవాలి. మా బడి ఏడో తరగతి వరకే. ఎనిమిదికి పెద్దబడిలో చేరాలంటే పౌరసత్వ సంఖ్య కావాలి. ఆ సంఖ్య ఈ ఏడాదిలో రాదు. సెలవులకింకా రెండు నెలలే ఉన్నాయి.

"టీచర్‌గారూ, ఆవిడకి విషయం తెలియాలి. తెలియకుండా సంతకం తీసుకోలేను. పాపతో చెప్పించండి" అన్నాడు.

నేను గడియారం వైపు తిరిగాను. ఆ కార్డు ఆట కోసం చేసిందనీ, దానితో ఏ పనీ కాదనీ, కుర్చీ ఎక్కి అన్న మాట గది లోపలికే చెల్లుతుందనీ, తప్పు నాదేననీ చెప్పాను. అమ్మకు చెప్పమన్నాను. పిల్ల నన్ను కాసేపు చూసింది. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి, వాళ్ళ భాషలో మెల్లగా, చాలాసేపు చెప్పింది.

తల్లి మొహం వెలిగిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. గుమాస్తా చూపించిన చోట సంతకం పెట్టి, కార్డు వాళ్ళనే ఉంచుకోమన్నట్టు బల్ల మీద ముందుకు జరిపింది. ఆ భాష ఒక్క ముక్క రాకపోయినా, పిల్ల ఏం చెప్పలేదో నాకు అర్థమైపోయింది. గుమాస్తాకీ అర్థమైంది. అతను తల వంచుకుని ఫైలు కట్టేశాడు.

బయటికి వచ్చాక మెట్ల మీద పిల్లని పక్కకు పిలిచి అడిగాను. కార్డు వాళ్ళకు బాగా నచ్చిందనీ, దాచుకుంటామన్నారనీ, వచ్చే ఏడు దీనికన్నా పెద్దది ఇస్తారనీ చెప్పిందట. అబద్ధం కదా అన్నాను. అది తల వంచుకుని, అమ్మ నిన్న రాత్రంతా నవ్వుతూనే ఉంది టీచర్ అంది. నిజం చెప్పడం పౌరుడి మొదటి బాధ్యత అని బోర్డు మీద రాసేదాన్ని నేనే.

మర్నాడు హెడ్మాస్టరు గదికి వెళ్ళాను. పిల్లని ఇంకో ఏడాది ఉంచుకునే దారి లేదా అని అడిగాను. ఆయన మంచివాడే, కాకపోతే ఏ సంగతైనా తన బల్ల మీద కాకుండా పక్క బల్ల మీద వాలితే బాగుండుననుకునే మనిషి. పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ ఇలా అన్నాడు: "పాసైన పిల్లని ఉంచుకోడానికి రూలు లేదమ్మా. ఫెయిలైన పిల్లని పంపెయ్యడానికీ రూలు లేదు." అని, తనేమీ అననట్టు టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

నేను ఆ ఖాళీ గదిలో కూర్చుండిపోయాను. నా చేతిలో ఉన్నది ఒక్క పౌరశాస్త్రమే. గడియారానికి అన్నిటికన్నా బాగా వచ్చేదీ అదే.

తల్లికి చెప్పకుండా ఆ పని చెయ్యకూడదనిపించింది. ఇప్పటికే ఆమెకు తెలియకుండా చాలా జరిగింది. ఆ వారం ఒక మధ్యాహ్నం, పిల్ల బడిలో ఉన్న వేళ చూసి కార్ఖానాకు వెళ్ళాను. లోపలంతా ఆవిరి. తెల్లటి దుప్పట్లు తీగల మీద వరసగా వేలాడుతున్నాయి, వాటి వెనక మనుషుల నీడలు మాత్రం కదులుతున్నాయి. నాలుగడుగులు వేసేసరికి ఎటునుంచి వచ్చానో మరిచిపోయాను. ఎక్కడ చూసినా తెలుపే. ఉతికిన బట్టల వాసన, నీళ్ళ చప్పుడు, ఎవరిదో కూనిరాగం. నేను వచ్చిన పని కూడా ఒక్క క్షణం నా తలలోంచి జారిపోయింది.

ఒక దుప్పటి పక్కకు తొలగి ఆమె కనిపించింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి లాగి, మడిచి, దగ్గరికి నడిచి, కొసలు కలిపాం. ఆమె తీసుకుంది, ఇంకోటి ఇచ్చింది. అలా నాలుగు దుప్పట్లు మడిచాం. అయిదోదానికి, చేతి సైగలతోనూ చిన్న చిన్న మాటలతోనూ కార్డు సంగతి మొదలుపెట్టాను. ఆమె తల అడ్డంగా ఊపి నన్ను ఆపింది.

"తెలుసు టీచరమ్మా. అక్కడే తెలిసింది. మీరు ఆట అన్నారు. ఆ మాట నాకు వచ్చు" అంది.

ఎలా వచ్చని నేను అడగలేదు. ఆమే చెప్పింది, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "ఇక్కడికొచ్చిన కొత్తలో. వీధిలో పిల్లలు మా పాపతో అనేవాళ్ళు. నువ్వు ఆటలో లేవు, పో. రోజూ అనేవాళ్ళు. ఇక్కడ నేను నేర్చిన మొదటి మాట అది."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిరి ఉంది కాబట్టి సరిపోయింది. మరి అంత సంతోషంగా ఎందుకు సంతకం పెట్టావని అడిగితే, పాప అంత కష్టపడి చెప్పింది కదా అంది. తను నమ్మకపోతే ఆ పిల్ల ఏమైపోతుంది అంది. నాకు తెలుసని దానికి చెప్పకండి అని కూడా అంది.

అప్పుడు నేను రెండో విషయం చెప్పాను. బడి, పేరు, ఒక ఏడాది, ఫెయిలు. సగం మాటలు, సగం వేళ్ళు. ఆమె దుప్పటి కొస వదలకుండానే, ఏ పాఠంలో అని అడిగింది. చెప్పాను. ఆమె కళ్ళు కిందికి వాలిపోయాయి. దానికి అదే ఇష్టం అంది. అని దుప్పటి గట్టిగా లాగింది. మడత సరిగ్గా వచ్చింది. సరే అన్నట్టు తల ఊపింది.

పరీక్ష పేపర్లు దిద్దడానికి ఇంట్లో వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. గడియారం పేపరు అన్నిటికన్నా అడుగున పెట్టుకున్నాను, అయినా అది రాకుండా పోతుందా. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క తప్పు లేదు. పౌరుడు అనగా ఎవరు అన్న ప్రశ్నకు పుస్తకంలోని నాలుగు వరుసలూ పొల్లు పోకుండా రాసింది. దాని కింద, నేను అడగని ఐదో వరుస ఒకటి తనే రాసింది: ఒకరోజు రాకపోతే ఏమైందని అడగబడే వ్యక్తి కూడా పౌరుడే.

ఎర్ర సిరా పెన్ను ఎత్తాను, దించాను. లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. ముప్పై ఒక్క ఏళ్ళలో తప్పు జవాబుకు మార్కు వేసిన పాపం రెండుసార్లు చేశాను, రెండూ జాలితోనే. సరైన జవాబును కొట్టెయ్యడం మాత్రం ఎన్నడూ చెయ్యలేదు. మొదటి అడ్డగీత వంకర పోయింది. మూడోది తిన్నగా పడింది, అది చూసి నాకింకా భయమేసింది. ఆ ఐదో వరుసను మాత్రం కొట్టలేక వదిలేశాను. మొత్తం వందకి పన్నెండు వేశాను. ఆ పిల్లకు పన్నెండేళ్ళు, అంతకన్నా కారణమేమీ లేదు.

ఫలితాలిచ్చిన రోజున గది ఖాళీ అయిపోయాక కూడా గడియారం తన బల్ల దగ్గరే కూర్చుంది. ఎండ కిటికీ దాటి గోడ మీదికి పోయింది. పేపరు ముందు పెట్టుకుని, ఒక్కో అడ్డగీత మీదా వేలు పెట్టి, మొదటినుంచి చివరిదాకా చదువుతోంది. ఏడవడం లేదు. ఏడిస్తే నాకు కాస్త సులువుగా ఉండేది. కాసేపటికి పేపరు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఏది తప్పు రాశాను టీచర్? చెప్తే నేర్చుకుంటాను."

ఇలాంటిది అడుగుతుందని తెలిసి నేను నాలుగు అబద్ధాలు సిద్ధం చేసుకుని వచ్చాను. ఒక్కటీ నోటికి రాలేదు. "ఒక్కటీ తప్పు కాదు తల్లీ. నువ్వు పాసైతే ఈ బడిలో ఉండవు. ఈ బడిలో లేకపోతే మీరు ఈ ఊళ్ళోనే ఉండరు. అందుకని తప్పు నేను చేశాను" అన్నాను.

ఆ పిల్ల పేపరు మళ్ళీ ఒకసారి మొదటినుంచి చూసుకుంది. తనకు రావాల్సిన మార్కులు లెక్కేసుకుంటోందేమో, నన్ను తిట్టుకుంటోందేమో అనుకున్నాను. తిట్టినా పడేదాన్నే. చివరికి పేపరు నాలుగు మడతలు పెట్టి లంగా జేబులో దాచుకుంది.

"అమ్మకి మాత్రం చెప్పకండి. ఫెయిలయ్యానంటే తట్టుకోలేదు. నేనే ఫస్టొచ్చాననీ, ఫస్టొచ్చినవాళ్ళని ఇంకో ఏడు ఇక్కడే ఉంచుకుంటారనీ చెప్తాను" అంది.

నేను సరే అన్నాను.

వాళ్ళమ్మ పని మధ్యలో వచ్చినట్టుంది, ఆవిరికి తడిసిన జుట్టుతో గేటు దగ్గర నిలబడి ఉంది. పిల్ల మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వెళ్ళి, చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. తల్లి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నిజమా అన్నట్టు మళ్ళీ మళ్ళీ అడిగింది. తర్వాత పిల్లని గట్టిగా హత్తుకుని, దాని భుజం మీదుగా నన్ను చూసి, తల కొంచెం వంచింది. నేను గదిలోకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను.